నాలుగో స్లైడు

ముందుగదిలో కోటు తగిలించబోయిన ఒతీలియా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమె కొక్కానికి అప్పటికే ఒక గడ్డి టోపీ వేలాడుతోంది. వెడల్పాటి అంచు, నల్ల రిబ్బను, దగ్గరికి వెళ్ళక ముందే ముక్కుకి తగిలే కట్టెల పొగ వాసన.

ఆ టోపీ ఎవరిదో అడగక్కర్లేదు. సచాకా పేటలో పూటకూళ్ళ ఇల్లు నడిపే సతుర్నినాది. ఒతీలియా భర్త మొదటి భార్యది.

"అబెలార్దో," అంది, గొంతు పెంచకుండా.

వంటింట్లోంచి భర్త వచ్చాడు. చంకలో దిండు, చేతిలో ఉతికిన గలేబు. బళ్ళో చరిత్ర పాఠాలు చెప్పే మనిషి. పిల్లల ముందు తడబడని నోరు ఇంట్లో తడబడుతుంది.

"ఆస్పత్రిలో సాయంత్రం దాకా ఉంచుతారనుకున్నా. పదకొండింటికే పంపించేశారు. మంచం ఇంకెవరికో కావాలట."

"పంపిస్తే ఆవిడ ఇంటికి వెళ్ళాలి."

"అక్కడ తెల్లారకముందు నుంచీ పొయ్యి మండుతూనే ఉంటుంది. ఆ పొగలో ఊపిరెలా ఆడుతుంది?"

"నన్నడిగావా?"

"అడిగితే ఏమనేదానివి?"

"వద్దనేదాన్ని."

"అందుకే అడగలేదు," అని దిండుకి గలేబు తొడుగుతూ నీల్దా గదిలోకి వెళ్ళిపోయాడు.

ఒతీలియా కోటు చేతిలోనే పట్టుకుని నిలబడింది. టోపీ తీసి పక్క కొక్కానికి వెయ్యొచ్చు. పక్క కొక్కెం ఖాళీగానే ఉంది. కానీ దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. కోటు కుర్చీ మీద పడేసింది.

లోపలి నుంచి దగ్గు వినిపించింది. దగ్గు ఆగాక నవ్వు. ఆ నవ్వుకి జవాబుగా అబెలార్దో నవ్వు. ఈ నెలలో ఈ ఇంట్లో అతను నవ్వడం అదే మొదలు.

"సతూకా, ఈ దిండు ఎత్తుగా ఉందా, ఇంకోటి వెయ్యనా?"

సతూకా. ఒతీలియాకి పెళ్ళయి పదహారేళ్ళు. ఆమెని అతను ఒక్కనాడూ పేరు కత్తిరించి పిలవలేదు.

*

నీల్దా వాళ్ళిద్దరి కూతురు, అబెలార్దోకీ సతుర్నినాకీ. ఎనిమిదేళ్ళప్పుడు ఈ ఇంటికి వచ్చింది. బడి ఇక్కడికి దగ్గరన్నారు. సతుర్నినా మూడింటికే లేచి పొయ్యి రాజెయ్యాలి, మొక్కజొన్నతో చిచా కల్లు కాచాలి, రోట్లో మిరపకాయలు నూరాలి. పిల్లకి జడ వేసే తీరిక లేదన్నారు. అలా వారానికి ఐదు రోజులు ఇక్కడ, రెండు రోజులు అక్కడ. ఆ పిల్లకిప్పుడు ఇరవై నాలుగు. ఒతీలియా కడుపున ఇంకెవరూ పుట్టలేదు.

ఇప్పుడా పిల్ల కన్నతల్లి కాళ్ళ దగ్గర కూర్చుని గోళ్ళు కత్తిరిస్తోంది. ఒతీలియా గుమ్మంలోంచి చూసింది.

"రా చెల్లీ," అంది సతుర్నినా. ఒళ్ళు సగమైపోయింది, కళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. "నీ ఇంట్లో నీకే స్వాగతం చెబుతున్నా, చూశావా నా మొహం."

"ఎలా ఉంది?"

"నలభై ఏళ్ళు పొగ మింగాను, ఇప్పుడు కక్కమంటోంది. సిగరెట్టు ముట్టనిదానికి ఈ జబ్బేమిటని నీల్దా ఏడుస్తోంది. నా పొయ్యే నాకు చుట్ట, పిల్లా."

"అమ్మా," అంది నీల్దా, కత్తెర ఆపి.

సతుర్నినా తల తిప్పింది. ఒతీలియా కూడా "ఊ" అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నీల్దా ఎవరినీ చూడకుండా గోళ్ళ ముక్కలు కాగితంలోకి ఊడ్చింది.

"సోమవారం నుంచి సెలైనులో కీమో మందు ఎక్కిస్తారట," అంది నేల వైపు చూస్తూ. "లిమా లాబొరేటరీ వాళ్ళు శాంపిలు చాల్లేదని రాశారు కదా. ఆ పరీక్ష అయ్యుంటే మాత్ర ఇవ్వచ్చో లేదో తెలిసేది. ఇప్పుడిక వేరే దారి లేదట."



వేరే దారి ఉంది. అది ఉందని ప్రపంచంలో తెలిసింది ఒతీలియా ఒక్కదానికే. తెలిసి నాలుగు రోజులైంది.

*

ఆస్పత్రి లాబొరేటరీలో కణాలు చూసే పని ఆమెది. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే మైక్రోస్కోపు. ఆగస్టులో సతుర్నినా ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీసి సీసాలో పంపినప్పుడు, పేరు చదవకముందే ఆ నీటి చుక్కలు గాజు స్లైడుల మీద పరిచింది ఒతీలియాయే. నాలుగు స్లైడులు. రంగులు వేసి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి, క్యాన్సరని మొదట గుర్తుపట్టిందీ ఆమే. ఆ తరవాత చీటీ మీద పేరు చదివింది.

పొగ తాగని ఆడవాళ్ళకి వచ్చే ఈ రకం జబ్బులో చాలామందికి కణాల్లో ఒక జన్యువు మారి ఉంటుంది. అది మారిందని రుజువైతే రోజుకో మాత్ర చాలు. మంచం పట్టినవాళ్ళు లేచి తిరిగిన సంగతులు ఒతీలియాకి తెలుసు. రుజువు కావాలంటే పరీక్ష చెయ్యాలి, పరీక్షకి సరిపడా కణాలుండాలి. మిగిలిన నీటిని తిప్పి, అడుగున పేరుకున్న మడ్డిని మైనంలో గట్టిపరిచి లిమాకి పంపారు. అందులో రక్తమే ఎక్కువ, కణాలు తక్కువ. ఈలోగా నీరు మళ్ళీ చేరకుండా ఛాతీలో పొడి ఎక్కించేశారు. ఇక తియ్యడానికి నీరు లేదు. ఊపిరితిత్తిలోకి సూది గుచ్చుదామంటే అంత తట్టుకునే ఊపిరి ఆమెకి లేదు.

మంగళవారం లిమా ఉత్తరం వచ్చింది. అందరూ అయ్యో అనుకుని పనుల్లో పడ్డారు. ఒతీలియా మధ్యాహ్నం బీరువా తెరిచి పాత స్లైడులు తీసింది. మూడు పలచన. నాలుగోది మైక్రోస్కోపు కింద పెట్టగానే కంటి నిండా కణాలు, గుత్తులు గుత్తులుగా. ఆ స్లైడు మీది కణాలు గోకి తీస్తే పరీక్షకి చాలు, ఇంకా మిగులుతాయి.

రెండు నిమిషాలు చూసింది. తరవాత దాని గాడిలో దాన్ని పెట్టి, బీరువా మూసి, చేతులు కడుక్కుంది.

ఎందుకలా చేసిందో ఆ రోజు తనని తాను అడగలేదు. రేపు చెబుదామనుకుంది. ఆ రేపు ఇంటికి వచ్చేసరికి అబెలార్దో ఆస్పత్రిలో ఉన్న సతుర్నినా కోసం పాలకూర కడుగుతున్నాడు. పదహారేళ్ళలో ఒక్క ఆకు కడిగిన మనిషి కాదు.

*

ఆదివారం పొద్దున్నే అబెలార్దో వీధి చివరకి వెళ్ళి అడోబో తెచ్చాడు, పంది మాంసం పులుసు, మూడు మూలల రొట్టెలు. నలుగురూ సతుర్నినా మంచం చుట్టూ కుర్చీలు వేసుకున్నారు. తినే బల్ల ఉండగా మంచం చుట్టూ ఎందుకని ఒతీలియా అనలేదు.

సతుర్నినా చెంచాడు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసింది.

"ఎవరు చేశారిది?"

"వీధి చివరి డొమితిలా," అన్నాడు అబెలార్దో.

"మనిషి మంచిదే పాపం. మాంసాన్ని రాత్రంతా చిచాలో నాననిచ్చే ఓపిక లేదు, అంతే."

నీల్దా పకపకా నవ్వింది. అబెలార్దో నవ్వాడు. "నీ చేతి వంట తిన్నాక ఏదీ నోటికెక్కదు సతూకా," అన్నాడు.

ఒతీలియా రొట్టె తుంచుతున్న చెయ్యి ఆపి అతని వైపు చూసింది. "ఆవిడ పులుసు ఉప్పు సముద్రం అన్నావు నాతో. ఎన్నిసార్లన్నావో."

అబెలార్దో గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాడు.

"అన్నాడా?" అంది సతుర్నినా, ఏమాత్రం నొచ్చుకోకుండా. "నిజమే మరి. ఆయన గిన్నెలో ఒక గుప్పెడు ఎక్కువే వేసేదాన్ని. ఆ సంవత్సరం ఆయన మీద అంత కోపంగా ఉండేది."

ఈసారి ఆమె, నీల్దా మాత్రమే నవ్వారు.

గిన్నెలు కడగడానికి తండ్రీ కూతుళ్ళు వంటింట్లోకి వెళ్ళారు. ఒతీలియా కూడా లేవబోయింది. సతుర్నినా ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఎండిన కర్రలా ఉంది, వేడిగా ఉంది.

"నా కణాలు నువ్వే చూశావట కదా చెల్లీ. ఎలా ఉంటాయి?"

"గుత్తుల్లా ఉంటాయి. ద్రాక్ష గుత్తుల్లా."

"చూడ్డానికి బాగుంటాయా?"

ఒతీలియా అబద్ధం చెబుదామనుకుంది. "బాగుంటాయి," అంది.

"చూశావా. నాలో అందమైనదేదైనా ఉందంటే అది కనిపెట్టడానికి నువ్వే రావాల్సి వచ్చింది. కట్టుకున్నవాడికి కనబడలా." దగ్గు వచ్చింది, చాలాసేపు దగ్గింది. ఒతీలియా నీళ్ళు పట్టుకుంది. గుక్క తిప్పుకున్నాక సతుర్నినా గొంతు మారింది. "నీకొకటి చెప్పనా? నీల్దా చిన్నప్పుడు శనివారం శనివారం నా దగ్గరికి వచ్చేది కదా. తలంటడానికి జడ విప్పబోతే నువ్వు వేసిన ముడి. ఎంత గట్టిగా వేసేదానివో. దాన్ని విప్పలేక నేనేడిస్తే, 'నువ్వు లాగుతున్నావు, ఆ అమ్మ లాగదు' అని అదేడ్చేది."

ఒతీలియా గ్లాసు బల్ల మీద పెట్టింది.

"జుట్టు చిక్కుపడకూడదని గట్టిగా వేసేదాన్ని."

"తెలుసు," అంది సతుర్నినా. "తెలుసు గనకే పళ్ళు కొరుక్కునేదాన్ని."

ఆ మాట ఒతీలియాకి లోపల ఎక్కడో తియ్యగా తగిలింది. ఈవిడ కూడా కుళ్ళుకుందన్నమాట. పదహారేళ్ళు. కానీ ఆ తీపి వంటింటి దాకా కూడా నిలవలేదు. అక్కడ నీల్దా తండ్రి భుజం మీద తల పెట్టి, "అమ్మ పోతే నేనెలా ఉండాలి నాన్నా?" అంటోంది. అమ్మ. పేరు లేదు, ఏ అమ్మో చెప్పలేదు. చెప్పక్కర్లేదన్నట్టు.

*

సోమవారం మందు ఎక్కించారు. మంగళ, బుధ వారాలు సతుర్నినా వాంతులతో మంచం దిగలేదు. నీల్దా పనికి సెలవు పెట్టింది. ఒతీలియా లాబొరేటరీకి వెళ్ళి వచ్చింది. రోజూ బీరువా ముందు నుంచే నడవాలి. నడిచింది.

గురువారం సాయంత్రం వంటింట్లో ఆమె బంగాళాదుంపల తొక్క తీస్తుంటే అబెలార్దో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఒక కత్తి తీసుకుని తనూ తొక్క తియ్యడం మొదలుపెట్టాడు. ఏదో అడగబోతున్నాడని ఆమెకి అర్థమైంది.

"శ్మశానంలో మా అమ్మ పక్కన గోడలో శవపేటిక గూళ్ళు రెండు ఖాళీగా ఉన్నాయి కదా."

"ఉన్నాయి."

"ఒకటి సతూకాకి ఇద్దామని. సచాకాలో వాళ్ళకి చోటు లేదు. అమ్మకి కూడా అదంటే ఇష్టంగానే ఉండేది."

"రెండోది?"

"రెండోది నాది కదా."

ఒతీలియా చేతిలో తొక్క తెగకుండా పొడుగ్గా వేలాడుతోంది. దాన్నే చూస్తూ అడిగింది, "మరి నేను?"

అబెలార్దో అయోమయంగా చూశాడు. ఈ ప్రశ్న అతనికి నిజంగా తట్టలేదు. అదే ఎక్కువ కోసింది.

"నీకు మీ అన్నయ్యల వైపు ఉంది కదా ఒతీలియా. మీ వాళ్ళు పెద్ద సమాధి కట్టించుకున్నారు."

"అంటే నువ్వూ ఆవిడా మీ అమ్మ పక్కన. నేను మా అన్నయ్యల పక్కన."

"చనిపోతున్న మనిషి గురించి మాట్లాడుతున్నా నేను."

"నేను బతికున్న మనిషి గురించి మాట్లాడుతున్నా."

"ఇంత ఇరుకు మనసేమిటి నీకు?" అన్నాడు మెల్లగా. "అది ఎలాంటి మనిషో తెలుసా నీకు? నలభై ఏళ్ళు ఊరందరికీ వండిపెట్టింది. సోమవారం చాకే, మంగళవారం చైరో, రోజుకో పులుసు, ఒక్క పూట పొయ్యి ఆరనివ్వలేదు. ఒక్కరిని ఆకలితో పంపలేదు. అలాంటి మనిషి..." అంటూ చేతిలో దుంప కింద పెట్టేశాడు.

ఇదే నోటితో ఇతను ఆ మనిషిని గయ్యాళి అన్నాడు. మొండి అన్నాడు. పిల్ల కన్నా పొయ్యే ఎక్కువ దానికి అన్నాడు. ఆ మాటలన్నీ ఎక్కడికి పోయాయి? మనిషి ఇంకా పోలేదు, అప్పుడే తప్పులన్నీ పోయాయి. పోయాక ఇంకెలా ఉంటుంది? గోడ మీద ఫోటో, ముందు పువ్వులు, ఏ కూర నోట్లో పెట్టుకున్నా ఒక నిట్టూర్పు. బతికున్నదానితో పోట్లాడొచ్చు. అది ఉప్పెక్కువ వేస్తుంది, మాట విసురుతుంది, ఏదో ఒకరోజు ఇతనే విసిగిపోతాడు. చచ్చినదాని పులుసులో ఉప్పెప్పుడూ ఎక్కువవదు.

ఆమె దుంపను నీళ్ళలో వేసింది.

ఆవిడ చావకూడదు. ఆ నిమిషంలో ఒతీలియా అనుకున్న మాట అదే. దయ ఏమీ లేదందులో. ఆవిడ చావకూడదు, చస్తే నేను ఓడిపోతాను.

*

శుక్రవారం పొద్దున్నే ఒతీలియా తమ లాబొరేటరీ డాక్టరమ్మ బెల్త్రాన్ బల్ల మీద నాలుగో స్లైడు పెట్టింది.

డాక్టరమ్మ మైక్రోస్కోపులోంచి చాలాసేపు తల ఎత్తలేదు. "ఇదెక్కడిది?"

"ఆగస్టులో చేసిందే. మిగతా మూడింటితో పాటు బీరువాలోనే ఉంది."

"లిమా ఉత్తరం వచ్చి పది రోజులైంది."

"అప్పుడు తట్టలేదు డాక్టరుగారూ."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి ఆమెని చూసింది. "నాకు ముందున్న డాక్టరు హయాంలో స్లైడుల సంగతి కూడా నువ్వు నిద్రలో లేపి అడిగినా చెప్పగలవు."

డాక్టరమ్మ ఇంకో మాట అడగలేదు. అడిగి ఉంటే తేలికయ్యేది.

"గోకితే ఇది మళ్ళీ రాదు, తెలుసుగా. మన దగ్గరున్న వాటిలో ఇదే మంచిది. ముందు ఫోటోలు తీద్దాం. ఇవాళ పైగాజు ఊడటానికి ద్రావకంలో వేస్తే సోమవారానికి వదులవుతుంది."

"నేను చేస్తాను."

"నువ్వు ముట్టుకోకు. మీ ఇంటి మనిషిది."

"మా ఇంటి మనిషి కాదు."

"మీ ఇంట్లోనే ఉంటోందన్నావుగా?" అంది డాక్టరమ్మ.

సోమవారం డాక్టరమ్మే చేసింది. ఒతీలియా గోడకి ఆనుకుని నిలబడింది. డాక్టరమ్మ సన్నటి బ్లేడు మొనతో, స్లైడు వెనక గీసిన గుర్తు దాటకుండా, ఊదారంగు కణాలని కొంచెం కొంచెంగా గోకి చిన్న గొట్టంలోకి జార్చింది. ఇరవై నిమిషాల్లో స్లైడు మీద ఏమీ మిగల్లేదు. వెలుతురుకి ఎత్తి చూస్తే వట్టి గాజు, మీద బ్లేడు గీతలు. ఒతీలియా గొట్టానికి మూత పెట్టబోయి, గుర్తొచ్చి చేతులు వెనక్కి తీసుకుంది.

*

పదహారు రోజులకి లిమా నుంచి కాగితం వచ్చింది. జన్యువు మారింది. మాత్ర పనిచేసే రకం మార్పే.

ఆ వార్త ఇంటికి తెచ్చింది ఒతీలియాయే. అబెలార్దో కాగితం రెండుసార్లు చదివి, మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడి, సతుర్నినా నడుము చుట్టూ చేతులు వేసి వెక్కి వెక్కి ఏడ్చాడు. సతుర్నినా అతని బట్టతల మీద తట్టింది. "లే, లే. నీ కన్నీళ్ళతో పరుపు తడిస్తే ఎవరు ఉతుకుతారు?"

నీల్దా మాత్రం వచ్చి ఒతీలియాని కావలించుకుంది. గట్టిగా. "నువ్వే వెతికి తీశావట కదా. డాక్టరమ్మ చెప్పింది. నువ్వు లేకపోతే..." ఈ కౌగిలి కోసం ఒతీలియా నెలన్నరగా కాచుకుంది. తీరా వచ్చాక ఒళ్ళంతా బిగుసుకుపోయి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మాత్రల మంజూరు కోసం నీల్దా ఆఫీసుల్లో ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి మూడు వారాలు తిరిగింది. చివరికి ఒక బుధవారం మధ్యాహ్నం డబ్బా వచ్చింది. మొదటి మాత్ర సాసరులో పెట్టి, గోరువెచ్చటి నీళ్ళ కోసం నీల్దా వంటింట్లోకి వెళ్ళింది. అబెలార్దో బళ్ళో ఉన్నాడు. గదిలో ఆడవాళ్ళిద్దరే మిగిలారు.

సతుర్నినా దిండు కింద నుంచి లిమా కాగితం తీసింది. మడతల దగ్గర నలిగిపోయి ఉంది. ఎన్నిసార్లు చదివిందో.

"ఇక్కడేదో రాసుంది చెల్లీ," అంటూ వరస మీద వేలు పెట్టింది. "నాలుగో స్లైడు. తయారుచేసిన తేదీ ఆగస్టు పద్నాలుగు. అంటే నీరు తీసిన రోజుదే కదా?"

"అవును."

"అంటే అన్నాళ్ళూ అక్కడే ఉంది."

"అక్కడే ఉంది."

"ఎవరు చేసిందది?"

"నేనే."

సతుర్నినా కాగితం మడిచింది. కోపం లేదు ఆ మొహంలో. మార్కెట్లో మాంసం ముక్క తాజాదో కాదో చూసేటప్పుడు ఉండే చూపు అది. "శాంపిలు చాల్లేదని ఉత్తరం వచ్చినప్పుడు, ఇది ఉందని నీకు తెలుసా?"

తెలీదు అనడానికి ఒక్క క్షణం చాలు. అందరూ నమ్ముతారు. డాక్టరమ్మ కూడా నోరు విప్పదు. ఒతీలియా కిటికీ వైపు చూసింది. మళ్ళీ సతుర్నినా వైపు చూసింది.

"తెలుసు. అదే రోజు చూశాను. పది రోజులు చెప్పలేదు."

బయట ఐస్‌క్రీం బండి బాకా మోగించుకుంటూ పోయింది.

"ఆ పది రోజుల్లోనే కదా నాకు మందెక్కించింది," అంది సతుర్నినా. "ప్రాణం పోయిందనుకున్నా."

"అవును."

"నీ చోట నేనుంటే ఆ గాజు నేలకేసి కొట్టేదాన్నేమో. తెలీదు." ఊపిరి అందక కాసేపు ఆగింది. "నీల్దాకి చెప్పు."

"ఎందుకు?"

"ఈ నెలంతా అది నిన్ను దేవతని చూసినట్టు చూస్తోంది. నువ్వు బీరువాలో దాచావని నేను చెబితే, చావు తప్పిన ముసలిదాని కుళ్ళు అంటుంది. నువ్వే చెప్పాలి, నీ నోటితో."

"చెప్పకపోతే?"

సతుర్నినా సాసరుని వేలి కొనతో ఆమె వైపు తోసింది. తెల్లటి మాత్ర సాసరులో కొద్దిగా దొర్లింది. "చెప్పేదాకా ఇది మింగను."

"ప్రాణంతో ఆటలా?"

"నువ్వు ఆడలా?"

వంటింట్లోంచి అడుగుల చప్పుడు. నీల్దా రెండు చేతులతో గ్లాసు పట్టుకుని వచ్చింది. సాసరులో మాత్ర, ఇద్దరి మొహాలూ చూసింది.

"ఇంకా వేసుకోలేదా? ఏమైంది?"

"ఆ గ్లాసు అక్కడ పెట్టి కూర్చో నీల్దా," అంది ఒతీలియా.

నీల్దా మంచం అంచున కూర్చుంది. ఒతీలియా చెప్పింది. మంగళవారం, ఉత్తరం, బీరువా, నాలుగో స్లైడు, దాన్ని మళ్ళీ గాడిలో పెట్టడం, పది రోజులు. సాకు ఒక్కటి కూడా చేర్చలేదు. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు.

నీల్దా ఏడవలేదు. అరవలేదు. సాసరులోంచి మాత్ర తీసి కన్నతల్లి నాలుక మీద పెట్టింది, గ్లాసు పెదవులకి ఆనించింది, గొంతు కదిలేదాకా చూసింది. తరవాత గ్లాసు కింద పెట్టి ఒతీలియా వైపు తిరిగింది.

"అన్నాళ్ళు చెప్పనిదానివి," అంది, చాలా మెల్లగా, "పదో రోజు ఎందుకు చెప్పావు?"

ఒతీలియా నోరు తెరిచింది. ఆమె దగ్గర ఒకే ఒక్క నిజమైన జవాబు ఉంది, ఆ గురువారం దుంపల తొక్క తీస్తూ అనుకున్నది. అది ఆ పది రోజుల కన్నా ఘోరమైనది.

"చెప్పమ్మా," అంది నీల్దా.

మంచం మీద సతుర్నినా దిండుకి ఆనుకుని ఇంకాస్త పైకి జరిగింది. ఆ జవాబు ఆమెకీ కావాలి.